చట్రం కట్టిన కార్ఖానాలు: గ్లెండేల్‌, కోయంబత్తూరు, బహదూర్‌పురా

వ్యాససంగ్రహం

హైదరాబాద్‌ పాతబస్తీలోని బహదూర్‌పురాలో తుక్కు ఇనుముతో, వాడేసిన ఇంజన్లతో చేతితో కట్టిన వాహనాలు నేడు ఒక ప్రదర్శనశాలలో నిలిచి ఉన్నాయి. ఇదే తరహా పనితనంతో 1956లో కాలిఫోర్నియాలో మొదలైన కార్టు నిర్మాణం కొద్ది ఏళ్లలోనే పరిశ్రమగా ఎదిగింది. కోయంబత్తూరులోని తెలుగు కుటుంబాల మధ్య 1980ల చివరిలో రూపుదిద్దుకున్న రేసుకారు నిర్మాణం జాతీయ క్రీడకు ఆధారమైంది. మూడుచోట్లా సామగ్రి ఒకటే, చేతిపని ఒకటే. ఫలితాలు మాత్రం వేరు. ఈ భేదానికి కారణం పనివారి నేర్పులో లేదనీ, కట్టిన బండిని ఆదరించే నిబంధన, అది పరుగెత్తే మైదానం, దాన్ని కొనే వర్గం ఉండడంలోనో లేకపోవడంలోనో ఉందనీ ప్రస్తుత వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: చట్రం, కార్టు, కార్ఖానా, పాతబస్తీ, బహదూర్‌పురా, కోయంబత్తూరు తెలుగువారు, వృత్తిపదాలు, సాంకేతిక చరిత్ర.

1. ఉపోద్ఘాతం

తెలుగు పరిశోధనలో ‘చట్రం’ అనే మాట తరచుగా వినిపిస్తుంది. సైద్ధాంతిక చట్రం, భావజాల చట్రం అని రాయని సిద్ధాంతగ్రంథం అరుదు. ఈ మాటకు మూలమైన వస్తువు మాత్రం మన పరిశోధన పరిధిలోకి అంతగా రాలేదు. కొయ్యతోనో ఇనుముతోనో నాలుగు పక్కలా బిగించి, బరువును మోయడానికి కట్టిన ఆధారం చట్రం. మోటారు బండి విషయంలో దీనినే మిస్త్రీలు ఛాసీ అంటారు. ఇంజను, చక్రాలు, నడిపే మనిషి, అందరి భారమూ దానిమీదే ఉంటుంది.

భారతదేశ మోటారు వాహన చరిత్ర అనగానే కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరాల పెద్ద కర్మాగారాలు గుర్తుకు వస్తాయి. చిన్న కార్ఖానా చరిత్ర దానికి అంచుల్లో మిగిలిపోయింది. ఒక వెల్డింగు యంత్రం, ఒక కోత యంత్రం, నలుగురు పనివాళ్లు ఉన్న చోట బండిని మొదటి నుంచి కట్టిన సందర్భాలను వార్తాపత్రికలు వింతగా పరిచయం చేశాయి తప్ప చరిత్రకారులు వాటిని ఆధారాలుగా స్వీకరించలేదు. బహదూర్‌పురా వాహనాలకు పట్టిన గతి కూడా ఇదే. వాటిని వింతలుగా కాక వృత్తి నైపుణ్యానికి సాక్ష్యాలుగా చూడాలంటే, అటువంటి పనే మరోచోట ఏమైందో తెలియాలి. అందుకే ఈ వ్యాసం పాతబస్తీతో పాటు గ్లెండేల్‌, కోయంబత్తూరులను కూడా పరిశీలిస్తుంది.

2. చట్రం, బాడీ: ఒక అవసరమైన భేదం

విషయంలోకి వెళ్లేముందు చట్రానికీ బాడీకీ ఉన్న తేడాను గుర్తించాలి. బండి నడకను, నిలకడను, మలుపు తిరిగే తీరును నిర్ణయించేది చట్రం. దానిపైన కూర్చునేందుకు, ఎండావానల నుంచి కాపాడేందుకు కట్టేది బాడీ. హైదరాబాద్‌ రాజ్యంలో నిజాం రాష్ట్ర రైల్వే రోడ్డు రవాణా శాఖ 1932 జూన్‌లో 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో సేవలు ప్రారంభించింది. ఆ కాలపు ఆల్బియన్‌ బస్సుల ఛాసీలు స్కాట్లండ్‌లోని గ్లాస్గో నగరంలో తయారైనవి. 1942లో నెలకొన్న హైదరాబాద్‌ ఆల్విన్‌ సంస్థ తరువాతి దశాబ్దాలలో బస్సు బాడీల నిర్మాణంలో పేరు గడించింది. అంటే హైదరాబాదుకు బాడీ కట్టే విద్య సంస్థాగతంగా అబ్బింది గాని, చట్రం బయటి నుంచి రావలసిందే. ఈ నేపథ్యంలో చట్రాన్ని కూడా తానే కట్టుకునే చిన్న కార్ఖానాకు ప్రత్యేక ప్రాధాన్యం ఉంది.

కార్టు ఈ విషయాన్ని మరింత స్పష్టం చేస్తుంది. కార్టు అంటే నేలకు రెండు మూడు అంగుళాల ఎత్తులో ఉండే, పైకప్పు లేని, ఒక్కరు కూర్చుని నడిపే చిన్న పందెపు బండి. దీనికి స్ప్రింగులు ఉండవు. కమాన్‌ పట్టీలు ఉండవు. వెనుక చక్రాలు రెండూ ఒకే ఇరుసుకు బిగించి ఉంటాయి. ఎడ్లబండితో పోల్చితే దీని తత్వం సులువుగా తెలుస్తుంది. ఎడ్లబండిలో ఇరుసు కదలదు. దాని కొసల మీద చక్రాలు దేనికది తిరుగుతాయి. కనుక మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలి చక్రం తక్కువ దూరం తిరిగి బండి సాఫీగా మళ్లుతుంది. కార్టులో ఇరుసూ చక్రాలూ కలిసే తిరుగుతాయి. మలుపులో లోపలి వెనుక చక్రం నేలను వదిలి కొద్దిగా పైకి లేస్తేనే బండి తిరుగుతుంది, లేకుంటే ఈడ్చుకుపోతుంది. ఆ చక్రాన్ని లేపే పని చట్రానిదే. ఇనుప గొట్టాలు తగినంత వంగి, వెంటనే యథాస్థితికి రావాలి. ఏ గొట్టం ఎంత మందం, ఏ అతుకు ఎక్కడ అన్నదే నిర్మాత విద్య. ఇంజను బజారులో దొరుకుతుంది. ఈ వంపును సాధించే చట్రం మాత్రం కట్టేవాడి చేతిలో ఉంటుంది. అందువల్లనే ఉత్తర అమెరికాలో కార్టు చరిత్ర ప్రధానంగా చట్ర నిర్మాతల చరిత్ర అయింది.

3. కాలిఫోర్నియా: మిగిలిపోయిన ఇంజన్ల నుంచి పరిశ్రమ దాకా

కాలిఫోర్నియాలోని గ్లెండేల్‌లో ఫ్రాంక్‌ కర్టిస్‌ నడిపిన కర్టిస్‌ క్రాఫ్ట్‌ సంస్థ 1950ల మొదటి సగంలో ఇండియానాపొలిస్‌ పందేలలో ఐదుసార్లు గెలిచిన కార్లను కట్టింది. అందులో పనిచేసిన ఆర్ట్‌ ఇంగెల్స్‌ 1956లో తన మిత్రుడు లూ బొరెల్లీతో కలిసి మొదటి కార్టును నిర్మించాడు. ఇంగెల్స్‌ది చట్రం పని, బొరెల్లీది ఇంజను పని. ఇంజను గడ్డి కోసే యంత్రాల కోసం తయారై, ఆ యంత్రాలు అమ్ముడుపోక మిగిలిపోయిన సరుకులోది. వెస్ట్‌ బెండ్‌ కంపెనీ తయారీ, రెండున్నర అశ్వశక్తి. స్థూలకాయుడైన ఇంగెల్స్‌ను అది మొదట మోయలేకపోతే బొరెల్లీ ఇంజనుకు మార్పులు చేయవలసి వచ్చింది. సొంత ఇంటి వాహనశాల, పని నుంచి నేర్చిన వెల్డింగు, పనికిరాదని వదిలేసిన ఇంజను: ఇవే దాని పెట్టుబడి.

ఆ ఏడాదే పొమోనాలో జరిగిన పందేల దగ్గర ఈ బండి చాలామంది దృష్టిని ఆకర్షించింది. మఫ్లర్ల వ్యాపారం చేస్తున్న డఫీ లివింగ్‌స్టన్‌, రాయ్‌ డెస్‌బ్రో తామూ ఒకటి కట్టుకున్నారు. పాసడీనాలోని రోజ్‌ బౌల్‌ మైదానపు పార్కింగ్‌ స్థలం ఖాళీగా ఉన్న రోజుల్లో ఈ బండ్లవాళ్లకు పందెపు స్థలమైంది. మిగిలిపోయిన సరుకు అమ్మే బిల్‌ రౌల్స్‌ వారితో చేరగా, అసూసాలో గో కార్ట్‌ మాన్యుఫాక్చరింగ్‌ కంపెనీ వెలిసింది. గొట్టాలు, చక్రాలు, బోల్టులు కలిపి పెట్టెలో పంపితే కొన్నవాళ్లు ఇంట్లోనే బిగించుకునే పద్ధతిలో అది కార్టులను అమ్మింది. ‘గో కార్ట్‌’ అనే పేరు పెట్టినవాడు లిన్‌ వైన్‌లాండ్‌ అనే పత్రికారచయిత.

ఇక్కడ గమనించదగిన మలుపు 1957 డిసెంబరులో వచ్చింది. కార్టులు కట్టినవారు, నడిపినవారు కలిసి గో కార్ట్‌ క్లబ్‌ ఆఫ్‌ అమెరికాను స్థాపించారు. బండి కొలతలెంత, ఇంజను ఎంత, ఏ ఇంజను ఏ తరగతిలో పందేనికి దిగాలి అన్న నిబంధనలు రాతలోకి వచ్చాయి. పార్కింగ్‌ స్థలంలో అప్పటిదాకా సాగిన ఆట ఈ రాతతో క్రీడ అయింది. నిబంధన ఉంటే ఎవరైనా ఆ కొలతలకు తగిన చట్రం కట్టి అమ్ముకోవచ్చు. కొన్నవాడికి దానిని ఎక్కడ నడపాలో తెలుస్తుంది. అందువల్లే కొద్దికాలంలోనే దేశమంతటా చట్ర నిర్మాతలు పుట్టుకొచ్చారు. ఒహైయో రాష్ట్రంలోని మాన్స్‌ఫీల్డ్‌లో మికీ రప్‌ డార్ట్‌ కార్టులను తయారుచేశాడు. ఆయనే 1965లో ఇండియానాపొలిస్‌ 500 పందెంలో ఆరో స్థానం పొందాడు. 1959లో మెక్‌కల్లా సంస్థ కార్టుల కోసమే ప్రత్యేకంగా ఎంసీ-10 ఇంజనును విడుదల చేసింది. మిగిలిపోయిన ఇంజనుతో మొదలైన పనికి మూడేళ్లలోనే సొంత ఇంజను వచ్చిందన్న మాట.

ఈ ఉత్సాహం అందరినీ నిలబెట్టలేదు. గో కార్ట్‌ కంపెనీ 1960ల మొదట్లోనే దెబ్బతింది. 1962లో అంతర్జాతీయ మోటారు క్రీడాసమాఖ్య ఎఫ్‌ఐఏ కార్టింగుకు ప్రత్యేక సంఘాన్ని ఏర్పాటు చేశాక ఐరోపా నిబంధనలు రూపుదిద్దుకున్నాయి. ఆ నిబంధనల నీడలో ఇటలీ నిర్మాతలు బలపడ్డారు. క్రమంగా అమెరికా మైదానాల్లోనూ ఇటలీ చట్రాలే ముందు నిలిచాయి. అమెరికా నిర్మాతల నేర్పు తగ్గిందని చెప్పడానికి ఆధారం లేదు. పందెం ఏ నిబంధన ప్రకారం నడుస్తుందో ఆ నిబంధనకు దగ్గరగా ఉన్న కార్ఖానా ముందుకు వస్తుంది. 1964లో సెయింట్‌ లూయిస్‌లో డాన్‌ ఫ్రీబర్‌ స్థాపించిన మార్గే సంస్థ మనుగడ ఇందుకు నిదర్శనం. అది తన చట్రానికే ఒక మామూలు బ్రిగ్స్‌ అండ్‌ స్ట్రాటన్‌ ఇంజనును జతచేసి, ఆ రెంటితో మాత్రమే నడిచే ‘ఇగ్నైట్‌’ అనే పందెపు తరగతిని నెలకొల్పుకుంది. చట్రంతో పాటు దానికి చోటిచ్చే నిబంధననూ తానే తయారుచేసుకున్న కార్ఖానా అది.

4. కోయంబత్తూరు: తెలుగు ఇళ్లలో పుట్టిన రేసుకారు

తెలుగువారి చరిత్రలో రేసుకారు చట్రం కట్టిన స్థలం హైదరాబాదో విశాఖపట్నమో కాదు. అది తమిళనాడులోని కోయంబత్తూరు. విజయనగర, నాయక రాజుల కాలం నుంచి దక్షిణానికి వలసవెళ్లి, తరతరాలుగా ఇళ్లలో తెలుగు మాట్లాడుతున్న కమ్మవారు నాయుళ్లు అక్కడ స్థిరపడ్డారు. పత్తి పండించిన ఈ కుటుంబాలు ఇరవయ్యో శతాబ్దంలో నూలుమిల్లులు పెట్టాయి. మిల్లు యంత్రాలకు మరమ్మతులు చేయవలసిన అవసరం నుంచి పోతపని, లేతుపని, మోటారు పంపుల తయారీ వచ్చాయి. 1910లో జి. కుప్పుస్వామి నాయుడు స్థాపించిన లక్ష్మీ మిల్స్‌, 1926లో ఏర్పడిన పి.ఎస్‌.జి. ధర్మసంస్థ, 1937లో రవాణా సంస్థగా మొదలై తరువాత గొలుసుల తయారీకి మళ్లిన ఎల్‌.జి. బాలకృష్ణన్‌ సోదరుల సంస్థ ఈ క్రమంలోనివే.

ఈ వర్గానికి చెందిన జి.డి. నాయుడు (1893–1974) జీవితం మన ప్రతిపాదనకు ముఖ్యమైన ఉదాహరణ. 1920లో పొల్లాచ్చి, పళని మధ్య ఒకే ఒక బస్సును తానే నడుపుతూ మొదలుపెట్టిన ఆయన పెద్ద రవాణా సంస్థను నిర్మించాడు. డి. బాలసుందరం నాయుడుతో కలిసి 1937లో దేశవాళీ విద్యుత్తు మోటారును రూపొందించిన ఘనత ఆయనదే. 1952లో ఆయన ఇద్దరు కూర్చునే చిన్న పెట్రోలు కారును రెండువేల రూపాయల ధరకు ఇవ్వగలిగేలా తయారుచేయగా, ప్రభుత్వం లైసెన్సు ఇవ్వకపోవడంతో అది ఉత్పత్తి దశకు చేరలేదని ఆయన జీవితకథనాలు చెబుతాయి. 1951 నాటి పరిశ్రమల చట్టం కింద ఎవరు ఏమి తయారుచేయాలో ప్రభుత్వం నిర్ణయించే కాలం అది. బండి తయారైంది, దానికి చోటిచ్చే నిబంధన లేదు.

మూడున్నర దశాబ్దాల తరువాత అదే ఊరిలో, లక్ష్మీ మిల్స్‌ కుటుంబానికి చెందిన ఎస్‌. కరివర్ధన్‌ వేరే దారి పట్టాడు. ఆయన స్వయంగా పందెపు చోదకుడు. అప్పటికి మద్రాసు సమీపంలోని షోలవరం పాత విమానాశ్రయపు రన్‌వే మీద పందేలు జరుగుతుండేవి. విదేశాల నుంచి కారు తెప్పించుకోగల సంపన్నుడికే వాటిలో ముందుండే అవకాశం. 1983 డిసెంబరు నుంచి మారుతీ 800 కార్లు రోడ్డెక్కాయి. వాటి 796 సీసీ మూడు సిలిండర్ల ఇంజను దేశమంతటా దొరికే వస్తువైంది. కరివర్ధన్‌ ఆ ఇంజను కోసం ఒక్కరు కూర్చునే తేలికైన గొట్టాల చట్రాన్ని రూపొందించాడు. ఈ తరహా కారే ఫార్ములా మారుతీగా ప్రసిద్ధమైంది.

ఈ పని విలువ ఒక్క కారు కట్టడంలో లేదు. ఒకేలాంటి కార్లను అనేకం కట్టి, అవి మాత్రమే పాల్గొనే తరగతిని నెలకొల్పడంలో ఉంది. అందరి చేతిలో ఒకే చట్రం, ఒకే ఇంజను ఉంటే గెలుపు చోదకుడి నేర్పు మీద ఆధారపడుతుంది. ఖర్చు తగ్గుతుంది. కొత్తవాడు ధైర్యంగా అడుగుపెడతాడు. 1990లో శ్రీపెరుంబుదూరు సమీపంలో మద్రాసు మోటార్‌ స్పోర్ట్స్‌ క్లబ్‌ శాశ్వత ట్రాకును ప్రారంభించడం దీనికి తోడైంది. కోయంబత్తూరుకే చెందిన నారాయణ్‌ కార్తికేయన్‌ ఫార్ములా మారుతీతోనే తన పందేల జీవితాన్ని మొదలుపెట్టి, 2005లో ఫార్ములా వన్‌లో పాల్గొన్న తొలి భారతీయుడయ్యాడు.

1995లో కరివర్ధన్‌ విమాన ప్రమాదంలో మరణించాడు. వ్యక్తి పోయినా పని ఆగలేదు. ఎల్‌.జి. బాలకృష్ణన్‌ కుటుంబానికి చెందిన బి. విజయకుమార్‌ కోయంబత్తూరు దగ్గర చెట్టిపాళయంలో 2.1 కిలోమీటర్ల ట్రాకును నిర్మించి, 2003లో దానికి కరి మోటార్‌ స్పీడ్‌వే అని మిత్రుడి పేరు పెట్టాడు. ఎల్‌జీబీ పేరుతో వచ్చిన ఫార్ములా కార్లు జాతీయ పోటీలలో ప్రవేశస్థాయి తరగతిగా స్థిరపడ్డాయి. కార్ఖానా, తరగతి, మైదానం ఒకే ఊరిలో ఒకదానికొకటి ఆసరాగా నిలిచినందువల్ల చేతిపని ఒక వ్యక్తి జీవితకాలాన్ని దాటి కొనసాగింది.

5. బహదూర్‌పురా: ఒక్కొక్కటి ఒక్కొక్క వింత

పాతబస్తీలో మోటారు పనికి చాలాకాలంగా చోటుంది. మూసీకి ఇరువైపులా ఉన్న వీధుల్లో వెల్డింగు, డెంటింగు, రంగుల పనుల దుకాణాలు ఒకదాని పక్కన ఒకటిగా కనిపిస్తాయి. గురువారం సంతగా పేరుపొందిన జుమ్మేరాత్‌ బజారు వంటి చోట్ల పాత సామాను చేతులు మారుతుంది. ఉస్తాదు దగ్గర చేరిన కుర్రవాడు పానాలు అందించడంతో మొదలుపెట్టి, ఏళ్ల తరబడి చూస్తూ చేస్తూ పని నేర్చుకుంటాడు. ఇక్కడ విరిగిన భాగాన్ని పారవేయడం అలవాటు కాదు. దాన్ని అతకడం, లేకుంటే మరోదానికి వాడడం అలవాటు.

ఈ వాతావరణంలో కె. సుధాకర్‌ తన వాహనాలను కట్టాడు. చదువుకునే రోజుల్లోనే ఈ పని మీద మక్కువ పెంచుకొని, పద్నాలుగేళ్ల వయసులో తొలి బండిని తయారుచేశాడు. 2010లో బహదూర్‌పురాలో, నెహ్రూ జంతుప్రదర్శనశాలకు సమీపంలో, సుధా కార్స్‌ ప్రదర్శనశాల ప్రారంభమైంది. క్రికెట్‌ బ్యాటు, ఫుట్‌బాలు, వంకాయ, కెమెరా, ఎత్తుమడమ చెప్పు, బర్గర్‌, బిలియర్డ్స్‌ బల్ల ఆకారాలలో ఉన్న కార్లు అక్కడ ఉన్నాయి. ఇవి బొమ్మలు కావు. వీటిలో చాలావాటికి ఇంజనుంది, స్టీరింగుంది, బ్రేకులున్నాయి, నడుస్తాయి. మహిళా దినోత్సవానికి చెప్పు, చేతిసంచి ఆకారాలు, ధూమపానానికి వ్యతిరేకంగా సిగరెట్టు ఆకారపు బండి వంటివి ఆయా సందర్భాల కోసం కట్టినవి.

ప్రేక్షకుడి కన్ను సహజంగా ఆకారం మీదికి పోతుంది. చట్రం దృష్టితో చూసినవారికి మరో విషయం కనిపిస్తుంది. వంకాయ ఆకారంలో బరువు ఒక చివర పేరుకుంటుంది. నిలువుగా ఉండే చెప్పులో గరిమనాభి ఎత్తున ఉంటుంది. ఫుట్‌బాలు గుండ్రంగా ఉన్నా దాని కింద నాలుగు చక్రాలు నేలను పట్టుకోవాలి. నమూనా ఏదీ లేని ఇటువంటి ప్రతి ఆకారానికీ ఇంజను ఎక్కడ, ఇరుసుల మధ్య దూరమెంత, మనిషి ఎక్కడ అన్న లెక్కను మళ్లీ మొదటి నుంచి వేసుకోవాలి. ఇంగెల్స్‌ ఒకే లెక్కను మెరుగుపరుస్తూ పోయాడు. బహదూర్‌పురాలో ప్రతి బండికీ కొత్త లెక్క వేశారు. నైపుణ్యం కొలబద్దతో చూస్తే రెండో పని ఏవిధంగానూ తక్కువది కాదు.

2005 జూలై 1న సుధాకర్‌ హైదరాబాదులో నడిపిన మూడు చక్రాల సైకిలు ప్రపంచంలోకెల్లా పెద్దదిగా గిన్నిస్‌ రికార్డుకెక్కింది. దాని ఎత్తు 41 అడుగుల 7 అంగుళాలు, పొడవు 37 అడుగుల 4 అంగుళాలు, చక్రం వ్యాసం 17 అడుగులు. అంత ఎత్తైన చట్రం తన బరువుకు తానే ఒరిగిపోకుండా, మనిషి తొక్కితే కదిలేలా కట్టడం నిర్మాణశాస్త్రపరంగా చిన్న విషయం కాదు.

అయితే ఈ ఘనత స్వభావాన్ని కూడా పరిశీలించాలి. రికార్డు కూడా ఒక నిబంధనే. అది రెండోది లేనిదానికి బహుమతి ఇస్తుంది. పందెపు తరగతి ఒకేలాంటివి ఇరవై ఉన్నప్పుడే బతుకుతుంది. రికార్డు కోసం కట్టిన బండిని మరొకరు కొనవలసిన అవసరం లేదు. దాని పక్కన మరో కార్ఖానా లేవనక్కరలేదు. తరగతి కోసం కట్టిన బండికి కొనేవాడు, మరమ్మతు చేసేవాడు, దానికన్నా మంచిది కట్టాలనుకునే పోటీదారుడు అవసరమవుతారు. బహదూర్‌పురా చేతిపనికి బయటి ప్రపంచం నుంచి లభించిన నిబంధన రికార్డు ఒక్కటే. అందువల్ల అది ప్రదర్శనశాల అయింది. టికెట్టు కొని చూసేవారు వచ్చారు, బండి కొని నడిపేవారు రాలేదు.

6. రోడ్డు చట్టం, మైదానం

చేతితో కట్టిన బండి రోడ్డు మీదికి రాకపోవడానికి చట్టబద్ధమైన కారణముంది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌ ప్రకారం తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ విషయాన్ని మరింత గట్టిగా చెప్పింది. 1989 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం కొత్త నమూనాను అధికృత పరీక్షా సంస్థ ధ్రువీకరించాలి. ప్రజల భద్రత దృష్ట్యా ఈ కట్టుబాట్లు అవసరమే. కాని ఆ పరీక్షల ఖర్చు వేల సంఖ్యలో వాహనాలు అమ్మే సంస్థకు మోయదగినది, ఒక్క బండి కట్టే మిస్త్రీకి కాదు.

చట్టం కొత్త తరగతిని గుర్తిస్తే పరిస్థితి ఎలా మారుతుందో ఈ-రిక్షాల ఉదంతం చూపుతుంది. 2015 చట్టసవరణ ఈ-రిక్షా, ఈ-కార్టు అనే వాహనాలను విడిగా నిర్వచించింది. అప్పటిదాకా అనుమతుల సందిగ్ధంలో తిరిగిన బండికి నమోదు చేయించుకునే దారి దొరికింది. కాలిఫోర్నియా, కోయంబత్తూరు నిర్మాతలకు రోడ్డు చట్టంతో పనే పడలేదు. వారి బండ్లు పరుగెత్తింది మైదానం మీద. మైదానానికి క్రీడాసంఘం నిబంధన చాలు. పాతబస్తీ కార్ఖానాకు రోడ్డు మూసి ఉంది, మైదానం లేదు. మిగిలింది ప్రదర్శన.

2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్‌ తీరాన ఫార్ములా ఈ పందెం జరిగినప్పుడు హైదరాబాదుకు మైదానం వచ్చినట్టే కనిపించింది. సుమారు 2.8 కిలోమీటర్ల వీధి ట్రాకు మీద విద్యుత్‌ రేసుకార్లు పరుగెత్తాయి. ఆ కార్లన్నింటికీ చట్రం ఒక్కటే, ఫ్రాన్సుకు చెందిన స్పార్క్‌ సంస్థ తయారుచేసినది. పందెం నగరానికి అతిథిగా వచ్చి వెళ్లింది. మరుసటి ఏడాది జరగవలసిన పందెం రద్దయింది. 1932లో ఛాసీ గ్లాస్గో నుంచి వచ్చినట్టే, తొంభై ఏళ్ల తరువాత కూడా చట్రం బయటి నుంచే వచ్చింది. పందేన్ని రప్పించడం, పందెపు బండిని కట్టే వర్గాన్ని పెంచడం రెండు వేర్వేరు పనులని ఈ అనుభవం తెలుపుతుంది. కోయంబత్తూరులో రెండో పని ముందు జరిగింది.

7. వృత్తిపదాల లోటు

ఈ చరిత్ర తెలుగు శాఖలకు ఎందుకు అవసరమన్న ప్రశ్న సహజం. ఆంధ్రప్రదేశ్‌ సాహిత్య అకాడమీ ప్రచురించిన మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం, భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో, వ్యవసాయ పదాలతో వెలువడింది. 1971లో చేనేత పదాల సంపుటం వచ్చింది. ఎడ్లబండికి సంబంధించిన ఇరుసు, నొగ, పూటీ, కుండ, ఆకులు, కడచీల వంటి మాటలు మనకు రాతలో దక్కాయి. మోటారు మిస్త్రీ మాటలకు అంతటి శ్రద్ధ దక్కలేదు. ఉర్దూ నుంచి వచ్చిన పానా, పక్కడ్‌, కమాన్‌, ఇంగ్లీషు నుంచి వచ్చి ఉచ్చారణ మార్చుకున్న ఛాసీ, పాత తెలుగు ఇరుసు ఒకే వాక్యంలో కలిసి వినిపించే చోటు పాతబస్తీ కార్ఖానా. ‘కమాన్‌’ అంటే విల్లు. వంగి తిరిగి నిలిచే ఉక్కుపట్టీకి ఆ పేరు పెట్టిన పనివాడికి వస్తువు స్వభావం తెలుసు. ఆ మాటలను సేకరించకపోతే, ఆ పని ఎలా ఆలోచించిందో తెలిపే ఆధారం మనకు మిగలదు.

కోయంబత్తూరు విషయంలోనూ ఇటువంటి లోటే ఉంది. అక్కడి తెలుగువారి భాష గురించి, వలస గురించి అధ్యయనాలు జరుగుతుంటాయి. వారి పారిశ్రామిక చరిత్ర తమిళనాడు ఆర్థిక చరిత్రలో భాగంగా మాత్రమే కనిపిస్తుంది. తెలుగు మాట్లాడే ఇళ్లలోంచి వచ్చిన వ్యక్తి భారతీయ రేసుకారుకు చట్రం కట్టాడన్న విషయం తెలుగు సాంస్కృతిక చరిత్రలో చోటు చేసుకోవలసి ఉంది.

8. ఉపసంహారం

మూడు స్థలాల పరిశీలన నుంచి తేలే విషయాలను ఇలా క్రోడీకరించవచ్చు. మొదటిది, చిన్న కార్ఖానా స్వతంత్రంగా నిలవగల రంగం చట్రనిర్మాణం. ఇంజనును కొని, ఆధారాన్ని తాను కట్టుకోగలదు. రెండవది, ఆ నైపుణ్యం ఏ ఒక్క దేశానికో వర్గానికో పరిమితం కాదు. గ్లెండేల్‌లో మిగిలిపోయిన ఇంజను, కోయంబత్తూరులో మారుతీ ఇంజను, బహదూర్‌పురాలో పాత ఇంజను ఒకే పనికి వచ్చాయి. మూడవది, చేతిపని వృత్తిగా నిలవడానికి నిబంధన, మైదానం, కొనుగోలుదారుడు కావాలి. వాటిని గ్లెండేల్‌ పరిసరాల్లో నిర్మాతలే కలిసి ఏర్పరచుకున్నారు. కోయంబత్తూరులో మిల్లుల సంపద, క్రీడాసక్తి ఉన్న కుటుంబాలు ఏర్పరిచాయి. పాతబస్తీలో ఆ పని ఎవరూ చేయలేదు.

కాబట్టి బహదూర్‌పురా ప్రదర్శనశాలను ఒక వ్యక్తి విచిత్రాభిరుచిగా మాత్రమే వర్ణించడం అసంపూర్ణం. అవకాశం దొరకని ఒక వృత్తికి అది భద్రపరిచిన సాక్ష్యం. నేడు తెలుగు రాష్ట్రాల ఇంజనీరింగు కళాశాలల విద్యార్థి బృందాలు అంతర్‌కళాశాల పోటీల కోసం కార్టులు, మట్టిబాట బండ్లు కట్టుకుంటున్నాయి. వారు కంప్యూటరు మీద గీసిన గొట్టాన్ని వంచి అతికించే పని చాలాసార్లు ఏదో ఒక వెల్డింగు దుకాణంలోనే పూర్తవుతుంది. ఆ దుకాణం యజమాని పేరు విద్యార్థుల నివేదికలో కృతజ్ఞతల పుటలోనైనా కనిపించాలి. అతని మాటలు వృత్తిపదకోశంలో చేరాలి. అతను కట్టిన చట్రం నాలుగు చుట్లు తిరగడానికి నగరంలో ఎక్కడో ఒకచోట నేల ఉండాలి. మొదటి రెండు పనులూ విశ్వవిద్యాలయాల చేతిలో ఉన్నవే.